“ఎలక్ట్రికల్‌లో ఏముంది?” అనే ముందు

మన తెలుగు బడిలో అ, ఆలు దిద్దుకున్న పిల్లలు కొందరు ఇప్పుడు ఏ-లెవెల్స్‌కు వచ్చేశారు. చిన్న తరగతులకు సాయం చేయడానికి వారాంతాల్లో ఇంకా వస్తూనే ఉన్నారు. సెప్టెంబరు వచ్చిందంటే చాలు, వాళ్ళ ఇళ్ళలో యూకాస్ ఫారం గురించి తర్జనభర్జనలు మొదలవుతాయి. మెడిసినా, కంప్యూటర్ సైన్సా, ఎకనామిక్సా? చర్చంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. ఎప్పుడైనా ఒక అబ్బాయో అమ్మాయో ధైర్యం చేసి “నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతాను” అంటే, మన పెద్దల నోటి నుంచి ముందుగా వచ్చే మాట ఒకటే: “మేం చదివాం కదమ్మా, అందులో ఏముంది?”

ఇ.ఇ.ఇ. పట్టా పుచ్చుకుని, సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడి, మాంచెస్టర్ చుట్టుపక్కల ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళం మన బడి వాలంటీర్లలోనూ, తల్లిదండ్రుల్లోనూ చాలామందిమే ఉన్నాం. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా మా మీదే ఉంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇంతే: మా తరం ఎలక్ట్రికల్ వదిలి వచ్చింది ఆ చదువులో పస లేక కాదు. ఆనాటి కారణాలు వేరు. అవి ఈ దేశంలో, ఈ కాలంలో చదవబోయే పిల్లలకు వర్తించవు. అందుచేత మా అనుభవాన్ని వాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పాలి గానీ, దాన్నే తీర్పుగా వాళ్ళ నెత్తిన రుద్దకూడదు.

ముందుగా అసలు మేము ఆ బ్రాంచిలో ఎలా చేరామో గుర్తు చేసుకుందాం. 1990ల చివర్లో మాలో ఎవరైనా ఎలక్ట్రికల్‌ను కోరి ఎంచుకున్నారా? నూటికి తొంభై మంది లేదనే అంటారు. ఇంటర్‌లో ఎం.పి.సి., ఆ తర్వాత ఎంసెట్, ఆపైన ర్యాంకు. కౌన్సెలింగ్ హాల్లో నాన్న పక్కన కూర్చుని, మిగిలిన సీట్లు చూసుకుంటూ, మన వంతు వచ్చేలోగా ఏవి ఉంటాయో ఏవి పోతాయో అని గుండెలు చిక్కబట్టుకోవడమే. కంప్యూటర్స్ అయిపోతే ఎలక్ట్రానిక్స్, అదీ అయిపోతే ఎలక్ట్రికల్. మెకానికల్, సివిల్ ఆ తర్వాత. మగపిల్లలకు “పోనీలే, విద్యుత్ బోర్డులో ఏ.ఇ. ఉద్యోగం వస్తుంది” అన్న ఓదార్పు ఉండేది. ఆడపిల్లలకైతే ఆ ఓదార్పు కూడా లేదు. “అమ్మాయివి, స్తంభాలెక్కుతావా?” అన్న హాస్యం మాత్రం ప్రతి పెళ్ళిలోనూ వినిపించేది. ఇంజనీరుకూ లైన్‌మన్‌కూ తేడా తెలియని బంధువులకు సమాధానం చెప్పలేక నవ్వి ఊరుకున్న మా తోటి అమ్మాయిలు ఇవాళ పెద్ద పెద్ద ప్రాజెక్టులు నడుపుతున్నారు.

చేరాక ఏం చదివాం? సర్క్యూట్లు, మెషీన్లు, పవర్ సిస్టమ్స్, కంట్రోల్ సిస్టమ్స్. థెరాజా గారి లావుపాటి పుస్తకం ప్రతి హాస్టలు గదిలోనూ ఉండేది. చదవడానికి ఎంత ఉపయోగపడిందో తలకింద పెట్టుకోవడానికీ అంతే ఉపయోగపడింది. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివిన మాకు విద్యుత్ ప్రవాహం, నిరోధం, పొటెన్షియల్ భేదం, విద్యుదయస్కాంత ప్రేరణ అన్న మాటలు బాగా అర్థమయ్యాయి. ఇంజనీరింగులో అవే ఇంగ్లీషు పేర్లతో వస్తుంటే పాత స్నేహితుడిని కొత్త బట్టల్లో చూసినట్టు, పోల్చుకోవడానికి ఒక సెమిస్టరు పట్టింది. పరీక్షల ముందు రోజు సీనియర్ల దగ్గర జిరాక్సు తీసుకున్న నోట్సు, “ఇంపార్టెంట్” ప్రశ్నల జాబితా, ఇక ఆపైన దైవాధీనం.

కానీ మెషీన్స్ ల్యాబు మాత్రం వేరే లోకం. అక్కడ బట్టీ పట్టడం కుదరదు. బూట్లు లేకపోతే లోపలికి రానిచ్చేవారు కాదు. డి.సి. షంట్ మోటారుకు బ్రేక్ టెస్టు చేసేటప్పుడు డ్రమ్ము మీద బెల్టు బిగించి, అది వేడెక్కకుండా ఒకడు మగ్గుతో నీళ్ళు పోస్తుంటే, ఇంకొకడు స్ప్రింగు త్రాసు రీడింగు కేకపెట్టి చెప్పేవాడు, మూడోవాడు టాకోమీటరు పట్టుకునేవాడు. “సిరీస్ మోటారును లోడు లేకుండా ఎందుకు స్టార్టు చేయకూడదు?” అన్న వైవా ప్రశ్నకు జవాబు ఈ రోజు అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పగలం: లోడు లేకపోతే దాని వేగానికి అదుపుండదు, తనను తానే విరగ్గొట్టుకుంటుంది. ఆల్టర్నేటర్‌ను సప్లయితో కలిపే ప్రయోగమైతే మాలో చాలామందికి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. మూడు బల్బులు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. వేగం సరిచేస్తున్న కొద్దీ ఆ మిణుకుమిణుకు నెమ్మదిస్తుంది. మూడూ ఒక్కసారిగా చీకటైన క్షణంలో స్విచ్చి వేయాలి. సరిగ్గా పడితే చప్పుడు కూడా ఉండదు. కాస్త అటూ ఇటూ అయితే పెద్ద దెబ్బ, ఫ్యూజు పోవడం, ల్యాబు అసిస్టెంటు గారి చీవాట్లు. ఒక పెద్ద వ్యవస్థలోకి కొత్తగా ఒకటి చేరాలంటే ఎంత పొందిక కావాలో ఆ మూడు బల్బులే మాకు నేర్పాయి.

ఇంత చదివినా, ఆ చదువుకూ ఊళ్ళో ఉన్న కరెంటుకూ మధ్య మాకు ఎవరూ తీగ కలపలేదు. అసలు లోపం అక్కడుందని మా అభిప్రాయం. ఒక ఉదాహరణ చెబుతాం. ఇండక్షన్ మోటారు టార్కు వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని పరీక్షలో నిరూపించి మార్కులు తెచ్చుకున్నాం. అంటే వోల్టేజి 20 శాతం పడిపోతే టార్కు 36 శాతం పడిపోతుంది. బావిలో నీటి బరువు మాత్రం అంతే ఉంటుంది. మోటారు ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి, చివరికి చుట్ట కాలిపోతుంది. ఇది ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ప్రతి వేసవిలోనూ జరిగిన కథే. రాత్రి ఏ వేళకో త్రీఫేజు ఇస్తే, నిద్ర లేవలేని రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవారు. కరెంటు వచ్చీ రాగానే ఆ ఫీడరు మీద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేచి, వోల్టేజిని మళ్ళీ పడగొట్టేవి. సెలవుల్లో ఇంటికి వెళితే “మోటారు కాలింది, రీవైండింగుకు ఇన్ని వేలయింది” అని నాన్న చెప్పేవారు. అదే సూత్రం మేము అంతకు వారం ముందే పరీక్షలో రాసి వచ్చి ఉండేవాళ్ళం. ఆ రెండూ ఒకటే విషయమని తరగతిలో ఎవరూ అనలేదు.

ఫ్రీక్వెన్సీ సంగతీ అంతే. ల్యాబు గోడ మీద సన్నటి రేకులు కంపించే మీటరు ఒకటి ఉండేది. పుస్తకంలో 50 హెర్ట్జ్ అని ఉంటే, ఆ మీటరు సాయంత్రం పూట 49 కిందే కనిపించేది. మీటరు పాతదని సరిపెట్టుకునేవాళ్ళం. నిజానికి మీటరు సరిగ్గానే ఉంది. దక్షిణాది గ్రిడ్డే అలా నడిచేది. ఉత్పత్తి కంటే వాడకం ఎక్కువైతే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. ఆ పడిపోవడానికి ధర కట్టే కొత్త టారిఫ్ విధానం 2003 జనవరిలో దక్షిణాదిలో అమలైన తర్వాతే పరిస్థితి బాగుపడింది. మేము చదువుకుంటున్న రోజుల్లోనే, 1999లో, మన రాష్ట్ర విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు మీద ఆందోళన చేస్తున్నవారిపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. రాష్ట్రమంతా కరెంటు గురించే మాట్లాడుతోంది. కరెంటు గురించి చదువుతున్న మా తరగతి గదిలో మాత్రం ఆ రోజు కూడా ట్రాన్స్‌మిషన్ లైన్ల లెక్కలే నడిచాయి.

కాలేజీలన్నీ ఒకేలా ఉండేవని మేము అనడం లేదు. 1929 నాటి ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ, 1946లో మొదలైన కాకినాడ కాలేజీ, 1959లో పెట్టిన వరంగల్ ఆర్.ఇ.సి. ఎన్నో తరాల విద్యుత్ ఇంజనీర్లను తయారుచేశాయి. మన దగ్గర డ్యాములు కట్టి, థర్మల్ స్టేషన్లు నిలబెట్టినవారిలో అలాంటి కాలేజీల్లో చదివినవారు ఎందరో. ఇండస్ట్రియల్ టూరు పేరుతో మేము విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌కు వెళ్ళాం. ఒక్కొక్కటి 210 మెగావాట్ల యూనిట్లు ఆరు చూసి నోళ్ళు తెరిచాం. ఆ స్టేషనుకు పేరున్న నార్ల తాతారావు గారు రాష్ట్ర విద్యుత్ బోర్డును చాలా ఏళ్ళు నడిపిన ఇంజనీరు. ఆయన ఏం చేశారో, ఎలా చేశారో చెప్పే పాఠం ఒక్కటి ఉన్నా, ఎలక్ట్రికల్ అంటే మా కళ్ళకు వేరేగా కనిపించేదేమో.

పట్టా చేతికి వచ్చేసరికి బయట గాలి ఒకే దిక్కున వీస్తోంది. విద్యుత్ సంస్థల్లో ఎప్పుడో ఒకసారి పడే కొద్దిపాటి పోస్టులకు వేలమంది పోటీ. ఇటు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ గోడలనిండా జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్స్ బోర్డులు. ఇంట్లో చెల్లి పెళ్ళి, నాన్న రిటైర్‌మెంటు, చదువుకు తెచ్చిన అప్పు. మేము సాఫ్ట్‌వేర్‌లోకి నడిచాం. అది సరైన నిర్ణయమే, ఇవాళ ఈ ఊళ్ళో నిలబడ్డామంటే దాని పుణ్యమే. అయితే ఆ నిర్ణయం చెప్పేది 2000 ప్రాంతంలో మన రాష్ట్రంలో ఉద్యోగాలు ఎక్కడున్నాయో అన్న సంగతి. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు విలువ ఎంతో అది చెప్పదు. ఈ రెండింటినీ కలిపేసి పిల్లలకు “అందులో ఏముంది” అనడం న్యాయం కాదు.

పైగా మనం ఈ మాట అంటున్నది ఏ ఊళ్ళో కూర్చుని? పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. మాంచెస్టర్‌లో ఉంటూ ఎలక్ట్రికల్‌లో ఏముంది అనడం అచ్చంగా అలాగే ఉంటుంది.

మెషీన్స్ ల్యాబులో మనమంతా చేసిన హాప్‌కిన్సన్ టెస్టు గుర్తుందా? ఒకేలాంటి రెండు డి.సి. యంత్రాలను ఒకే ఇరుసుకు బిగించి, ఒకదాన్ని మోటారుగా, ఇంకొకదాన్ని జనరేటరుగా నడుపుతాం. జనరేటరు ఇచ్చేది మోటారు తీసుకుంటుంది, మోటారు ఇచ్చేది జనరేటరు తీసుకుంటుంది. బయటి నుంచి నష్టాలకు సరిపడా కరెంటు ఇస్తే చాలు, పెద్ద యంత్రాలను కూడా పూర్తి లోడు మీద పరీక్షించవచ్చు. ఆ జాన్ హాప్‌కిన్సన్ పుట్టింది 1849లో, ఈ మాంచెస్టర్‌లోనే. తర్వాత మాంచెస్టర్ యూనివర్సిటీగా ఎదిగిన ఓవెన్స్ కాలేజీలో చదివి, అక్కడి నుంచి కేంబ్రిడ్జికి వెళ్ళాడు. తమ్ముడు ఎడ్వర్డ్ సాల్ఫర్డ్‌లోని మాథర్ అండ్ ప్లాట్ కంపెనీలో ఇంజనీరు. అన్నదమ్ములిద్దరూ కలిసి డైనమోల మీద రాసిన వ్యాసం 1886లో వెలువడింది. 1898లో స్విస్ ఆల్ప్స్ కొండలెక్కుతూ జాన్, తన ముగ్గురు పిల్లలతో సహా ప్రాణాలు కోల్పోయాడు. నాలుగు మార్కుల ప్రశ్నగా మనం చదువుకున్న పేరు వెనుక ఇంత జీవితం ఉంది.

ఫెరాంటీ ఎఫెక్టు కూడా అలాంటిదే. లోడు తక్కువగా ఉన్న పొడవాటి లైనులో, పంపిన చోట కంటే చేరిన చోట వోల్టేజి ఎక్కువ కనిపించడం. సెబాస్టియన్ ఫెరాంటీ లండన్ దగ్గర డెట్‌ఫోర్డ్‌లో 10,000 వోల్టుల కేబుళ్ళు వేసినప్పుడు బయటపడిన విషయం ఇది. ఆయన కంపెనీ తర్వాత ఓల్డ్‌హామ్ దగ్గర హాలిన్‌వుడ్‌కు వచ్చింది. మనలో కొందరు రోజూ ఎం60 మీద దాటి వెళ్ళే చోటు అది.

ఇక మనందరికీ అన్నం పెడుతున్న కంప్యూటరు సంగతి. స్టాక్‌పోర్ట్ దగ్గర రోమిలీలో పుట్టిన ఫ్రెడ్డీ విలియమ్స్ మాంచెస్టర్ యూనివర్సిటీలో ఇంజనీరింగు చదివాడు. యుద్ధకాలంలో రాడార్ మీద పనిచేసి, 1946 చివర్లో ఇదే యూనివర్సిటీకి ఎలక్ట్రో-టెక్నిక్స్ ప్రొఫెసరుగా తిరిగి వచ్చాడు. ఆయనా, టామ్ కిల్‌బర్న్, జెఫ్ టూటిల్ కలిసి, మనం ల్యాబులో వేవ్‌ఫారాలు చూసుకున్న సి.ఆర్.ఓ. గొట్టం లాంటి క్యాథోడ్ రే ట్యూబునే కంప్యూటరుకు జ్ఞాపకశక్తిగా మలిచారు. 1948 జూన్ 21న “బేబీ” అనే ఆ యంత్రం తనలోనే దాచుకున్న ప్రోగ్రామును మొదటిసారి నడిపింది. 17 ఆదేశాల ప్రోగ్రాము, 52 నిమిషాలు పట్టింది. 1951లో ఫెరాంటీ కంపెనీ తయారుచేసిన మార్క్ 1 యంత్రం యూనివర్సిటీకి చేరింది. కంప్యూటర్ సైన్సు అనే ప్రత్యేక శాఖ ఇక్కడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగు నుంచి వేరుపడింది 1964లో. అంటే మనం ఏ బ్రాంచిని కాదనుకుని ఏ బ్రాంచికి మొగ్గామో, ఆ రెండోది మొదటిదాని కడుపున పుట్టిన బిడ్డ. తల్లిని చిన్నచూపు చూసి బిడ్డను నెత్తిన పెట్టుకోవడం మన సంప్రదాయం కూడా కాదు.

ఆడపిల్లలున్న తల్లిదండ్రులకు ఇంకో పేరు చెప్పాలి: బియాట్రిస్ షిల్లింగ్. 1932లో మాంచెస్టర్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు యుద్ధ విమానాలు ముక్కు కిందికి వంచి దూకినప్పుడు ఇంజన్లు ఆగిపోయేవి. 1941లో ఆమె చిన్న రంధ్రమున్న ఒక లోహపు ముక్కను కార్బొరేటరుకు ఇంధనం వచ్చే దారిలో అమర్చి ఆ సమస్యకు విరుగుడు చూపింది. “స్తంభాలెక్కుతావా” అనే చుట్టాలకు అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది.

ఇక్కడి చదువు తీరు కూడా వేరు. మాంచెస్టర్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ విద్యార్థులు రెండో ఏడాదిలో జట్టుగా చేరి, నేల మీద గీసిన గీత వెంట తనంతట తానే నడిచే చిన్న బండిని తయారుచేస్తారు. మోటారు వాళ్ళే ఎంచుకోవాలి, సర్క్యూటు వాళ్ళే గీయాలి, ప్రోగ్రాము వాళ్ళే రాయాలి, చివరికి పోటీలో నడిపి చూపాలి. చదువు మధ్యలో ఒక ఏడాది కంపెనీలో పనిచేసి వచ్చే వీలుంది. డిగ్రీ అప్రెంటిస్‌షిప్ తీసుకుంటే జీతం తీసుకుంటూ పట్టా పొందవచ్చు. మా రోజుల్లో చదువుకూ బయటి ప్రపంచానికీ మధ్య తెగిపోయి ఉన్న తీగ ఇక్కడ చాలావరకు కలిసే ఉంది.

కాలం కూడా మారింది. 1882లో లండన్ హోల్‌బోర్న్ వయాడక్ట్ దగ్గర మొదలైన బొగ్గు కరెంటు ఈ దేశంలో 2024 సెప్టెంబరు 30న రాట్‌క్లిఫ్-ఆన్-సోర్ స్టేషను మూతపడటంతో ముగిసింది. 142 ఏళ్ళ అలవాటును మార్చుకున్న గ్రిడ్డు ఇప్పుడు గాలి మీదా, ఎండ మీదా, బ్యాటరీల మీదా నిలబడటం నేర్చుకుంటోంది. అది ఎంత సున్నితమైన పనో 2019 ఆగస్టు 9న తెలిసింది. పిడుగుపాటు తర్వాత కొన్ని ఉత్పత్తి కేంద్రాలు వరుసగా తప్పుకుని, ఫ్రీక్వెన్సీ 48.8 హెర్ట్జ్‌కు పడిపోయింది. పది లక్షలకు పైగా వినియోగదారులకు కరెంటు పోయింది. లండన్ చుట్టూ ఒక రకం రైళ్ళు పట్టాల మీదే నిలిచిపోయాయి. ఫ్రీక్వెన్సీ అంతలా పడితే ఏం చేయాలో వాటి సాఫ్ట్‌వేరు సరిగ్గా చూసుకోలేదు. కొన్నింటిని టెక్నీషియన్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వెళ్ళి తిరిగి నడిపించవలసి వచ్చింది. 48.8 అంటే 1990లలో మన దక్షిణాది గ్రిడ్డుకు మామూలు సాయంత్రం! సాఫ్ట్‌వేరు రాసేవాడికి కరెంటు తెలియాలి, కరెంటు చూసేవాడికి సాఫ్ట్‌వేరు తెలియాలి. ఈ రెండూ తెలిసినవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా విలువైనవాళ్ళే.

“అంతా బాగానే ఉంది, జీతం మాటేమిటి?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏడాదికి 9 వేల పౌండ్లకు పైగా ఫీజు కట్టే చదువు గురించి ఆ ప్రశ్న అడగకపోతేనే తప్పు. బ్యాంకుల్లో, పెద్ద టెక్ కంపెనీల్లో ప్రోగ్రామరుకు మొదట్లోనే వచ్చే జీతం పవర్ ఇంజనీరుకు రాకపోవచ్చు. అది మేము దాచిపెట్టం. కానీ ఎలక్ట్రికల్ చదివిన వాడికి ప్రోగ్రామింగు వైపు తలుపు ఎప్పుడూ మూసుకుపోలేదు, దానికి సాక్షులం మేమే. ఉత్త ప్రోగ్రామింగు నేర్చుకున్నవాడు నలభై ఏళ్ళకు మెషీన్స్, ఫీల్డ్ థియరీ కొత్తగా నేర్చుకోవడం మాత్రం మేము ఎక్కడా చూడలేదు. పైగా రోజూ మా ఆఫీసు పనిలో తప్పు ఎక్కడుందో వెతుకుతున్నప్పుడు మాకు సాయపడేది ఆ పాత చదువే. ఒక నోడులోకి వచ్చినదంతా బయటికి పోవాలి అన్న కిర్కాఫ్ సూత్రం డేటాకూ పనిచేస్తుంది. ఫీడ్‌బ్యాక్ అతిగా ఇస్తే వ్యవస్థ ఊగిపోతుందని కంట్రోల్ సిస్టమ్స్‌లో చదివింది సర్వర్లకూ వర్తిస్తుంది, పిల్లల పెంపకానికీ వర్తిస్తుంది!

ప్రతి పిల్లా ఎలక్ట్రికలే చదవాలని మేము అనడం లేదు. గణితం అంటే గిట్టనివాళ్ళకు ఆ చదువు నరకమే, అదీ మాకు తెలుసు. అడిగిన పిల్లను ఆపకండి అని మాత్రమే మా మనవి. మేము ర్యాంకు ఇచ్చిన చోట చేరాం. ఈ పిల్లలు తామే కోరుకుని ఒక చదువు పేరు చెబుతున్నారు. ఆ కోరిక మాకు దక్కని భాగ్యం. దాన్ని ఒక్క మాటతో ఆర్పేయడం తగదు.

ఇక మన తెలుగు బడి పాత్ర గురించి ఒక మాట. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు కరెంటు పోవడమంటే తెలియదు. స్విచ్చి వేస్తే వెలుగుతుంది, అంతే. మసక చీకట్లో దీపం వెలిగించి చదువుకోవడం, ఫేజు పోయిందని ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పరుగెత్తడం, “కరెంటొచ్చింది!” అని వీధి వీధంతా ఒక్కసారి కేక వేయడం మన దగ్గరే ఉన్న జ్ఞాపకాలు. ఆ చదువు ఎవరి కోసమో, ఎందుకోసమో చెప్పే సగం మన దగ్గర ఉంది. మంచి ల్యాబులు, చేతికందే పరికరాలు, ప్రశ్నించే స్వేచ్ఛ ఉన్న సగం వాళ్ళ దగ్గర ఉంది. ఈ రెండు సగాలూ కలవాలంటే మాటలు కావాలి. తాతగారి మోటారు ఎందుకు కాలిందో తాతగారినే అడిగి తెలుసుకోవాలంటే మనవడికి తెలుగు రావాలి. మనం ఇక్కడ వారం వారం నేర్పుతున్నది అందుకే కదా!

అందుచేత మాదొక చిన్న ప్రతిపాదన. వచ్చే విద్యాసంవత్సరంలో పెద్ద తరగతి పిల్లలను ఒక వారాంతం లివర్‌పూల్ రోడ్డులోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియానికి తీసుకువెళదాం. 1998లో తయారైన బేబీ నమూనా అక్కడ ఉంది. దాని ముందు నిలబడి, అది ఎలా పనిచేస్తుందో మనలో ఎలక్ట్రికల్ చదివినవాళ్ళం తెలుగులో చెబుదాం. మరో వారం, బడిలోనే, ఒక మోటారూ ఒక మల్టీమీటరూ తెచ్చి వోల్టేజి తగ్గితే ఏమవుతుందో చూపిద్దాం. ఖర్చు పెద్దగా ఉండదు. మాలో సుద్దముక్క పట్టుకుని మోటారు బొమ్మ గీసి ఇరవై ఏళ్ళయినవాళ్ళున్నారు, వాళ్ళకూ సరదాగా ఉంటుంది.

ఆ తర్వాత పిల్లలు ఏ చదువు ఎంచుకున్నా వాళ్ళ ఇష్టం. కానీ ఈసారి ఎవరైనా “అంకుల్, మీరు ఎలక్ట్రికల్ చదివారట, ఎలా ఉంటుంది?” అని అడిగితే మనం పావుగంట కూర్చుని చెప్పాలి. మూడు బల్బులూ ఒక్కసారి చీకటైన క్షణం గురించీ, పొలంలో కాలిపోయిన మోటారు గురించీ, ఈ ఊరి హాప్‌కిన్సన్ గురించీ చెప్పాలి. నాలుగేళ్ళు చదివిన చదువుకు ఆ మాత్రం గౌరవం ఇవ్వడం మనకు కష్టం కాదు.